సగం సరిచేసిన స్వింగ్: ఒక గోల్ఫ్ కోచ్ కేసు నోట్స్

ఈ కేసులో నేను చేసిన తప్పు ఒకటి ఉంది. రాయడానికి అసలు కారణం అదే. ఆటగాడి అనుమతి తీసుకున్నాను. పేరు, క్లబ్బు, ఉద్యోగం, ఆయన్ని గుర్తుపట్టే ఇతర వివరాలు తీసేశాను. సౌలభ్యం కోసం మూర్తిగారు అందాం.

నేపథ్యం

నా దగ్గరికి వచ్చేనాటికి మూర్తిగారికి యాభై మూడేళ్లు. కుర్రతనంలో కోస్తాలో టెన్నిస్ బాల్ క్రికెట్ విపరీతంగా ఆడారు. ముప్పై తొమ్మిదో ఏట హైదరాబాద్‌లో ఆఫీసు వాళ్లతో సరదాగా డ్రైవింగ్ రేంజ్‌కి (బంతులు కొట్టి సాధన చేసే చోటు) వెళ్లి గోల్ఫ్‌లో పడ్డారు. కోచ్ అంటూ ఎవరూ లేరు. ఒక క్యాడీ గ్రిప్ చూపించాడు, మిగతాదంతా నలుగురినీ చూసి పట్టుకున్నారు. ఆ క్యాడీయే ఇప్పటికీ ఆయన బ్యాగ్ మోస్తున్నాడు. ఈ కేసులో అతని పాత్ర నాకంటే పెద్దదే, ముందు ముందు తెలుస్తుంది.

అలా సొంతంగా తయారైన స్వింగ్, అంటే క్లబ్ (గోల్ఫ్ కర్ర) తిప్పి బంతిని కొట్టే తీరు, చూడ్డానికి వింతగా ఉండేది. క్లబ్ వెనక్కి వెళ్లేటప్పుడు లోపలికి కాకుండా బయటికి, పైకి లేచేది. పైన చిన్న మెలిక తిరిగేది. దిగేటప్పుడు లోపలికి జారి, ఇంచుమించు దారిలోకి వచ్చి బంతిని తాకేది. బ్యాక్‌స్వింగ్ పొట్టి. ఎడమ మోచెయ్యి కాస్త వంగేది, ఎడమ మడమ నేల నుంచి లేచేది. పుస్తకం ముందు పెట్టుకుని మార్కులు వేస్తే పాస్ మార్కులు కూడా రావు.

బంతి మాత్రం బుద్ధిగా వెళ్లేది. కాస్త కిందుగా, ఎడమవైపు మొదలై, చివర్లో కుడికి వాలి ఫెయిర్‌వే (పొట్టిగా కత్తిరించిన గడ్డి దారి) మధ్యలో పడేది. దూరం ఎక్కువ కాదు కానీ ఎక్కడ పడుతుందో ఆయనకి ముందే తెలుసు. అప్పట్లో హ్యాండిక్యాప్ ఇండెక్స్ (ఆట స్థాయి చూపే అంకె, ఎంత తక్కువైతే అంత మేలు) 13.2. కోచ్ లేకుండా, వారానికి ఒక రౌండు ఆడే మనిషికి అది చాలా మంచి అంకె.

మరి ఎందుకు మార్చుకున్నారు? రెండు సంగతులు కలిశాయి. యాభై దాటాక డ్రైవ్ (హోల్ మొదట్లో కొట్టే పెద్ద షాట్) దూరం తగ్గింది, టీమ్‌లోని కుర్రాళ్లు ఆయన బంతికి ముప్పై నలభై యార్డులు అవతల కొడుతున్నారు. అదే సమయంలో ఎవరో ఆయన స్వింగ్‌ని ఫోన్‌లో స్లో మోషన్‌లో తీసి చూపించారు. పద్నాలుగేళ్లుగా కొడుతున్న స్వింగ్‌ని అప్పుడే మొదటిసారి చూసుకున్నారట. రికార్డింగ్‌లో మన గొంతు మనం విన్నప్పుడు ఎలా ఉంటుందో అలా అనిపించిందట. "నేను ఇలా కొడతానా అని సిగ్గేసింది కోచ్" అన్నారు.

ఆ సిగ్గుతో పద్నాలుగు నెలలు ఒంటరిగా కష్టపడ్డారు. ఫోన్‌లో ఒక యాప్ వేసుకున్నారు, అది స్వింగ్ మీద గీతలు గీసి ఎక్కడ గీత దాటితే అక్కడ ఎర్రగా చూపించేది. ఒక్కో ఎరుపుని తీసేసుకుంటూ వెళ్లారు. క్లబ్‌ని గీత మీదే వెనక్కి తీసుకెళ్లడం, ఎడమ చెయ్యి నిటారుగా ఉంచడం, మడమ లేవనివ్వకపోవడం, భుజాలు టార్గెట్ గీతకి సరిగ్గా సమాంతరంగా పెట్టి నిలబడడం. నాలుగూ సాధించారు. కొత్త ఒక వింత, పాత ఒక రోత అన్నట్టు, పాత స్వింగ్ ఆనవాళ్లు తనకి తెలిసినంతవరకు తుడిచేశారు.

వచ్చిన సమస్య

మొదటి రోజు నాతో ఆయన అన్నమాట నోట్సులో అలాగే ఉంది: "వీడియోలో బావుంటోంది, బంతే వినట్లేదు."

ఇండెక్స్ 18.9కి పెరిగింది. గోల్ఫ్ తెలియనివాళ్ల కోసం ఒక మాట. ఈ ఇండెక్స్ చివరి ఇరవై రౌండ్లలో మెరుగైన ఎనిమిదింటి సగటు మీద లెక్కిస్తారు, మిగతా పన్నెండు రౌండ్లు ఎంత ఘోరంగా ఉన్నా అందులోకి రావు. కాబట్టి దాదాపు ఆరు పాయింట్ల పెరుగుదల వెనక అసలు ఆట ఇంకా ఎక్కువే పడిపోయి ఉంటుంది. స్కోరు కార్డులు తెమ్మన్నాను. ఒకప్పుడు రౌండ్‌కి 86 నుంచి 90 దెబ్బల మధ్య తిరిగిన మనిషి, ఇప్పుడు ఒకరోజు 91, తర్వాతి వారం 104. స్కోరు పెరగడం కంటే ఆ ఊగిసలాటే నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది.

రేంజ్‌లో లాంచ్ మానిటర్ (బంతి ఎటు, ఎలా వెళ్లిందో కొలిచే యంత్రం) పెట్టి సెవెన్ ఐరన్ అనే మధ్యస్థ దూరం క్లబ్‌తో ముప్పై బంతులు కొట్టించాను. కొన్ని నిటారుగా కుడికి పోయాయి. కొన్ని గట్టిగా ఎడమకి హుక్ అయ్యాయి. నాలుగైదు బంతికి ముందే నేలని తాకాయి. రెండువైపులా తప్పే ఆటగాడికి కోర్సు మీద గురిపెట్టడానికి చోటే ఉండదు. ఎప్పుడూ కుడికే పోతుందంటే ఎడమకి గురిపెట్టి బతికేయొచ్చు.

దానితోపాటు నడుము కింద నొప్పి. పాత స్వింగ్‌తో ఎప్పుడూ లేదట.

కారణం కనిపెట్టడం కష్టం కాలేదు. పాత స్వింగ్‌లో మెలికకి రెండు సగాలు ఉన్నాయి. వెనక్కి వెళ్లేటప్పుడు బయటికి పోవడం ఒక సగం, దిగేటప్పుడు లోపలికి జారడం రెండో సగం. మొదటిది తప్పు, రెండోది ఆ తప్పుకి శరీరం కనిపెట్టుకున్న విరుగుడు. రెండూ కలిస్తే చెల్లుకు చెల్లు. యాప్‌లో బాగా కనిపించేది మొదటి సగమే. ఆయన దాన్ని తీసేశారు. రెండోది మాత్రం కన్నుమూసి తెరిచేలోపు జరిగే పని, పద్నాలుగేళ్ల అలవాటు, అది అలాగే ఉండిపోయింది. ఇప్పుడు క్లబ్ సరైన దారిలో వెనక్కి వెళ్లి, అలవాటు ప్రకారం ఇంకా లోపలికి జారుతోంది. అక్కడి నుంచి బంతి కుడికే పోవాలి. దాన్ని ఆపడానికి చేతులు ఆఖరి క్షణంలో తిరగబడుతున్నాయి. చేతులు అందుకుంటే హుక్, అందుకోకపోతే కుడికి తూటా.

నా మొదటి నిర్ణయం

నా ముందు రెండు దారులు ఉన్నాయి. ఒకటి, వెనక్కి వెళ్లి పాత మెలికని తిరిగి తెచ్చుకోవడం. రెండు, ముందుకే వెళ్లి ఆ మిగిలిన సగం కూడా తీసేయడం.

నేను రెండోది ఎంచుకున్నాను. ఎందుకో నిజాయితీగా రాస్తాను. ఏరు సగం దాటిన మనిషి వెనక్కి ఈదడం కంటే ముందుకు ఈదడమే నయం అనిపించింది. పద్నాలుగు నెలల కష్టం వృథా అని ఆయనతో చెప్పడానికి నోరు రాలేదు. ఆయన కోరిక కూడా అదే. ఇవన్నీ పైకి చెప్పుకునే కారణాలు. లోపలి కారణం వేరు: కోచ్ కంటికి చక్కని స్వింగ్ ముద్దొస్తుంది. ముందు, తర్వాత అని రెండు వీడియోలు పక్కపక్కన పెడితే నా పని ఎంత బావుందో అందరికీ కనిపిస్తుంది. ఆ ఆశ నాకు లేదని చెప్పలేను.

ఎనిమిది వారాల ప్లాన్ వేశాను. పైన ఒక క్షణం ఆగి, ఛాతీ తిరుగుతూ ఉండగా చేతులు బయటినుంచే దిగేలా సాధన. ముందు బంతి లేకుండా, తర్వాత సగం స్వింగ్, తర్వాత పూర్తిగా. వారానికి రెండు సెషన్లు. మధ్యలో ఇంట్లో అద్దం ముందు రోజూ పది నిమిషాలు.

ఎక్కడ బెడిసింది

రేంజ్‌లో పని చేసింది. ఐదో వారానికి మానిటర్ అంకెలు నాకే ఆశ పుట్టించాయి. ఆరో వారంలో కోర్సు మీదికి పంపాను. వరుసగా మూడు రౌండ్లు 97, 101, 99.

నేను దాన్ని సాధన చాలకపోవడంగా చదివాను. అది రెండో తప్పు. ఇంకా నెమ్మదిగా, ఇంకా విడగొట్టి చేయించాను. బంతి దగ్గర నిలబడినప్పుడు గుర్తుంచుకోవాల్సినవి రెండు నుంచి నాలుగయ్యాయి. ఏడో వారంలో ఆయన బంతి ముందు ఎంతసేపు నిలబడుతున్నారో లెక్కపెట్టాను. ఇరవై సెకన్లు దాటుతోంది. ఆ ఇరవై సెకన్లలో మోచెయ్యి, మణికట్టు, ఛాతీ, మోకాలు అన్నిటికీ హాజరు పట్టీ వేస్తున్నారు. ఆ వారమే ఒక ఆఫీసు టోర్నమెంట్‌లో మొదటి టీ (హోల్ ఆట మొదలుపెట్టే చోటు) దగ్గర అందరూ చూస్తుండగా బంతి క్లబ్ మెడకి తగిలి అడ్డంగా పార్కింగ్ వైపు పోయిందట. ఫోన్ చేసి, "క్లబ్బులు ఎవరికైనా ఇచ్చేద్దామనుకుంటున్నా, మీకు తెలిసినవాళ్లు ఉన్నారా?" అని అడిగారు. గొంతులో నవ్వు లేదు.

ఇక్కడ నాకు గుర్తు రావాల్సిన సంగతి ఒకటి ఉంది, చదివినదే. మనస్తత్వ శాస్త్రవేత్త సైయన్ బైలాక్, ఆమె సహచరులు 2002లో ప్రచురించిన ప్రయోగంలో అనుభవం ఉన్న గోల్ఫర్లతో పుట్టింగ్ (బంతిని నేలమీద దొర్లించి రంధ్రంలో వేయడం) చేయించారు. ఒకసారి తమ కదలిక మీదే దృష్టి పెట్టమన్నారు, ఇంకోసారి వినిపించే శబ్దాలని గమనిస్తూ కొట్టమన్నారు. కదలిక మీద దృష్టి పెట్టినప్పుడే వాళ్ల గురి దిగజారింది. అదే పరిశోధనలోని ఫుట్‌బాల్ ప్రయోగంలో కొత్తగా నేర్చుకునేవాళ్లకి జరిగింది దీనికి తలకిందులు. మూర్తిగారు పద్నాలుగేళ్ల ఆటగాడు. నేను ఆయన్ని మళ్లీ మొదటి వారం విద్యార్థిని చేసి, పాత ఆటగాడి స్కోరు ఆశిస్తున్నాను.

లెక్క కూడా కుదరదు. ఇంగ్లండ్ గోల్ఫర్ నిక్ ఫాల్డో 1985 ప్రాంతంలో కోచ్ డేవిడ్ లెడ్‌బెటర్ దగ్గర స్వింగ్ మొత్తం విప్పి తిరిగి కట్టుకున్నాడు. 1987లో మ్యూర్‌ఫీల్డ్‌లో బ్రిటిష్ ఓపెన్ గెలిచాడు, ఆఖరి రౌండ్‌లో పద్దెనిమిది హోళ్లూ పార్‌లే (హోల్‌కి నిర్ణయించినన్ని దెబ్బల్లోనే ముగించడం). అందరూ చెప్పుకునేది ఆ పద్దెనిమిది పార్‌ల గురించే. గోల్ఫే ఉద్యోగమైన, అప్పటికే ప్రపంచ స్థాయిలో ఉన్న మనిషికి, రోజంతా బంతులు కొడితే, రెండేళ్లు పట్టింది. వారానికి మూడు గంటలు దొరికే మనిషికి నేను ఎనిమిది వారాలు ఇచ్చాను.

లైట్లు ఆపేసిన రోజు

ఎనిమిదో వారం, గురువారం సాయంత్రం. రేంజ్ మూసే టైమ్ అయింది. బుట్టలో పది పన్నెండు బంతులు మిగిలాయి. "సార్, లైట్లు బంద్ చేస్తున్నం" అని కుర్రాడు అరిచాడు. డబ్బు పెట్టి కొన్న బంతులు వదలడం ఆయనకి ఇష్టం లేదు. గబగబా ఒకదాని తర్వాత ఒకటి కొట్టేశారు. నేను అప్పటికే సామాను సర్దుతున్నాను, చూడలేదు. మానిటర్ మాత్రం ఆపలేదు.

మర్నాడు పొద్దున సెషన్ డేటా చూస్తుంటే చివరి పదకొండు బంతులు కళ్లబడ్డాయి. ఆ ఎనిమిది వారాల్లో అంత దగ్గర దగ్గరగా పడిన గుంపు ఇంకోటి లేదు. అన్నీ ఎడమవైపు మొదలై కుడికి వాలినవే. పాత బంతి. ఆలోచించే టైమ్ లేకపోయేసరికి పాత స్వింగ్ దానంతటదే బయటికి వచ్చింది.

పదకొండు బంతుల మీద నిర్ణయం తీసుకోకూడదు. అలసట, చీకటి, తొందర, ఏదైనా కారణం కావచ్చు. అందుకని శనివారం ఒక చిన్న పరీక్ష పెట్టాను. మూడు రకాలుగా ఇరవయ్యేసి బంతులు, ఐదైదు చొప్పున కలగలిపి. ఒకటి, నేర్చుకున్న కొత్త పద్ధతిలో. రెండు, "పాతగా కొట్టండి" అని చెప్పి. మూడు, ఏమీ చెప్పకుండా, వందనుంచి మూడేసి తగ్గిస్తూ, బయటికి వినిపించేలా లెక్కపెడుతూ కొట్టడం. లెక్కపెట్టడం ఎందుకంటే, బుర్రకి వేరే పని ఇస్తే చేతుల్ని వాటి మానాన వదిలేస్తుందని.

కొత్త పద్ధతి బంతులు అన్నిటికంటే ఎక్కువ చెదిరాయి. లెక్కపెడుతూ కొట్టినవి అన్నిటికంటే దగ్గరగా పడ్డాయి. ఆసక్తికరమైనది మధ్యది: "పాతగా కొట్టండి" అంటే మొదటి కొన్ని బంతులు తడబడ్డాయి. పాత స్వింగ్‌ని కూడా కావాలని చెయ్యబోతే రాలేదన్నమాట. దాన్ని పిలవకూడదు, రానివ్వాలి.

ఆ రోజే ఆయనతో కూర్చుని, ఎనిమిది వారాలు తప్పు దారిలో నడిపించానని చెప్పాను. ఆయన కోపగించుకోలేదు. కాసేపు ఊరుకుని, "అంటే ఆ అసహ్యమైన స్వింగే నాకు గతా?" అన్నారు. అమెరికన్ గోల్ఫర్ జిమ్ ఫ్యూరిక్ వీడియో చూపించాను. క్లబ్ బయటికి లేచి, పైన మెలిక తిరిగి, లోపలికి పడే స్వింగ్, మూర్తిగారి మెలికకి పెద్దన్న. నేర్పింది ఫ్యూరిక్ తండ్రే, ఆ మెలికని అలాగే ఉంచారు. 2003లో యూఎస్ ఓపెన్ గెలిచాడు. 2016లో ఒక రౌండ్‌ని 58లో ముగించాడు, అమెరికా ప్రొఫెషనల్ పోటీల వరస పీజీఏ టూర్‌లో ఆ అంకె అంతకుముందు ఎవరూ కొట్టలేదు. మన దేశంలో 1991లో ఇండియన్ ఓపెన్ గెలిచిన అలీ షేర్ క్యాడీగా మొదలైనవాడు. 2016, 2017లలో వరుసగా అదే టోర్నీ గెలిచిన ఎస్‌ఎస్‌పీ చౌరాసియా రాయల్ కల్‌కతా గోల్ఫ్ క్లబ్‌లో గ్రీన్‌కీపర్ కొడుకు, చూసి చూసి నేర్చుకున్నవాడు. ఇవన్నీ చెప్పాను. మూర్తిగారికి ఇవేవీ పెద్దగా ఎక్కలేదని నా అనుమానం. ఆయనకి ఎక్కింది లెక్కపెడుతూ కొట్టిన ఇరవై బంతుల బొమ్మ.

వెనక్కి వెళ్లడం అనుకున్నంత సులువు కాలేదు

పాత స్వింగ్‌ని రానిస్తే చాలు, ఆట తిరిగి వస్తుందనుకున్నాను. కోర్సు మీద తొలి రౌండ్‌లో బంతులు చక్కగా తగిలాయి, చక్కగా వాలాయి, కానీ అన్నీ కుడివైపు రఫ్‌లో (ఫెయిర్‌వే పక్కన పొడుగు గడ్డిలో) పడ్డాయి. పదిహేను ఇరవై యార్డులు, ప్రతి హోల్‌లో. స్వింగ్ వీడియో చూస్తే నాకు తేడా ఏమీ కనిపించలేదు. మళ్లీ చేతుల్లో వెతకబోయాను.

క్యాడీ ఆపాడు. నాలుగో టీ దగ్గర బ్యాగ్ దించి, మెల్లగా నాతో అన్నాడు: "సారు ముందుగాల ఆ చెట్టు దిక్కు జూసి నిలబడుతుండె. ఇప్పుడు సక్కగ జెండా దిక్కు నిలబడుతున్నరు."

అంతే సంగతి. బంతి కుడికి వాలుతుందని పద్నాలుగేళ్లలో శరీరానికి తెలిసిపోయి, మూర్తిగారు తెలియకుండానే కాస్త ఎడమకి తిరిగి నిలబడేవారు. యాప్ దాన్ని "భుజాలు తెరుచుకున్నాయి" అని ఎర్రగా చూపించింది, ఆయన సరిచేసుకున్నారు. స్వింగ్ పాతది, నిలబడే తీరు కొత్తది. సగం సరిచేసిన తప్పు ఇక్కడా ఉంది, నేను చూడలేదు. ఎందుకంటే రేంజ్‌లో రబ్బరు మ్యాట్ గీతలే మనల్ని సమాంతరంగా నిలబెట్టేస్తాయి.

అమెరికన్ గోల్ఫర్ లీ ట్రెవినో ఆరు మేజర్లు (గోల్ఫ్‌లో అన్నిటికంటే పెద్ద టోర్నీలు) గెలిచింది ఎడమకి తెరుచుకుని నిలబడి, కుడికి వాలే బంతితోనే. మూర్తిగారిని చెట్టు వైపు నిలబెట్టాం. ఆ రోజు మిగిలిన హోళ్లలో డ్రైవ్‌లు ఎక్కువ భాగం ఫెయిర్‌వేలో పడ్డాయి.

మార్చినవి

స్వింగ్‌ని వదిలేశామంటే అన్నీ వదిలేశామని కాదు. ఆయన మొదట మార్పు మొదలుపెట్టింది దూరం కోసం. ఆ ఫిర్యాదు నిజమైనదే, దాన్ని ఎవరూ పట్టించుకోలేదు, నాతో సహా.

ఆయన డ్రైవర్ (అన్నిటికంటే దూరం కొట్టే క్లబ్) తీసి చూస్తే తొమ్మిది డిగ్రీల లాఫ్ట్ (క్లబ్ ముఖం వాలు), గట్టి షాఫ్ట్ (క్లబ్ కాడ). స్నేహితుడు కొత్తది కొనుక్కుని పాతది ఈయనకి ఇచ్చాడట. ఈయన డ్రైవర్‌తో కూడా బంతిని పైనుంచి కిందికే కొడతారు. తక్కువ లాఫ్ట్, కిందికి దెబ్బ, నెమ్మదించిన వేగం, మూడూ కలిస్తే బంతి గాల్లో ఉండేది ఎంతసేపు? నా బ్యాగ్‌లో ఉన్న పన్నెండు డిగ్రీల డ్రైవర్ ఇచ్చాను, షాఫ్ట్ మెత్తనిది. టీ (బంతిని నిలబెట్టే చిన్న మేకు) కొంచెం ఎత్తు పెంచి, బంతిని ఒక బంతి వెడల్పు ముందుకి జరిపాను. క్యారీ, అంటే బంతి గాల్లో వెళ్లే దూరం, 172 నుంచి 188 యార్డులకి వెళ్లింది. అరగంట పని. పద్నాలుగు నెలలు, ఆపైన నా ఎనిమిది వారాలు ఏ దూరం కోసం ఖర్చయ్యాయో అది ఒక డ్రైవర్ మార్పులో ఉంది. ఆ రోజు ఇంటికి వెళ్తూ కారులో నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది.

నడుము సంగతి ఫిజియోకి వదిలేశాను, అది నా విద్య కాదు. ఫిజియో చూసి తుంటి కదలిక తక్కువ ఉందన్నారు. మడమ నేలకి అతికించి, ఎడమ చెయ్యి నిటారుగా పెట్టి పూర్తిగా తిరగాలంటే ఆ తిరుగుడు ఎక్కడో ఒకచోట నుంచి రావాలి, తుంటి ఇవ్వనిది నడుము ఇస్తోంది. మడమ లేవనిచ్చాం. అమెరికన్ గోల్ఫర్ జాక్ నిక్లాస్ ఎడమ మడమ లేచేది, పద్దెనిమిది మేజర్లకి అది అడ్డం రాలేదు. ఫిజియో ఇచ్చిన వ్యాయామాలూ చేశారు కాబట్టి నొప్పి తగ్గింది మడమ వల్లే అని నేను చెప్పలేను.

సాధన పద్ధతి మొత్తం మార్చాం. ఫోన్ బ్యాగ్‌లోకి పోయింది. బదులుగా వైట్‌బోర్డ్ మార్కర్‌తో బంతి వెనక చుక్క పెట్టి, కొట్టాక ఆ చుక్క క్లబ్ ముఖం మీద ఎక్కడ అచ్చుపడిందో చూసుకోవడం. బంతికి మూడు మీటర్ల ముందు ఒక కర్ర పాతి, బంతి దానికి ఎడమవైపు నుంచి మొదలవుతోందా అని చూసుకోవడం. బంతి మొదలయ్యే దిక్కుని ప్రధానంగా నిర్ణయించేది తాకే క్షణంలో క్లబ్ ముఖం ఎటు చూస్తోందన్నది. కాబట్టి ఆ కర్ర ఒక్కటే చాలా కబుర్లు చెబుతుంది. చుక్క మధ్యలో పడి, బంతి సరైన దిక్కున మొదలైతే, పైన మెలిక ఎన్ని చుట్లు తిరిగితే నాకేం?

కోర్సు మీద బంతి దగ్గర నిలబడే సమయానికి హద్దు పెట్టాం. బంతి వెనక నుంచే షాట్ నిర్ణయించుకోవాలి, పాదాలు పెట్టాక రెండుసార్లు టార్గెట్ చూసి కొట్టేయాలి. ఆయన లెక్కలు మానేసి ఒక పాత పాట లోలోపల పాడుకుంటానన్నారు. సరే అన్నాను.

మిగిలిన టైమ్ అంతా చిప్పింగ్‌కి (దగ్గర నుంచి కొట్టే చిన్న షాట్లు), పుట్టింగ్‌కి మళ్లించాం. దాని గురించి రాయడానికి పెద్దగా ఏమీ లేదు. చేశారు, బాగుపడ్డారు.

ఏడాది తర్వాత ఇండెక్స్ 14.1. పాత 13.2కి ఇంకా రాలేదు. వయసు పెరిగింది, మధ్యలో ఆఫీసు పనితో రెండు నెలలు ఆడలేదు. నేను దాన్ని విజయం అనే రాసుకున్నాను, ఆయన అలా అనుకోవట్లేదు.

ఇప్పుడైతే ఎలా ఆలోచిస్తాను

ఈ కేసు చెబితే ఒక జూనియర్ కోచ్ నాతో, "అంటే ఎవరికి ఏది సుఖంగా ఉంటే అది వదిలేయాలా?" అన్నాడు. కాదు. అదే సమయంలో నా దగ్గర ఇంజినీరింగ్ చదివే కుర్రాడు ఒకడు ఉండేవాడు. గ్రిప్‌లో కుడి చెయ్యి మరీ పైకి తిరిగి ఉండేది, అది వాడికి హాయిగా ఉంది. ప్రతి బంతి కుడికి నలభై యార్డులు వంగేది. అది హాయి కాదు, అలవాటు. వాడి గ్రిప్ నిర్దాక్షిణ్యంగా మార్చాను. మూడు వారాలు తిట్టుకున్నాడు. అయితే వాడికి పంతొమ్మిదేళ్లు, ఆడుతున్నది ఆరు నెలలుగా, రోజూ రెండు గంటలు రేంజ్‌లో ఉంటాడు. వాడి బంతి వాడికి ఏనాడూ విధేయంగా లేదు, పోగొట్టుకోవడానికి ఏమీ లేదు.

తేడా ఎక్కడుందో ఇప్పుడు మొదటి రోజే వెతుకుతాను. వీడియో చూడకముందు బంతి చూస్తాను. తప్పు ఒకవైపే ఉందా, రెండువైపులా ఉందా? ఒకే తప్పు పదిసార్లు అదే కొలతలో వస్తే అది స్వింగ్ లోపం కాకపోవచ్చు, గురిపెట్టడంలో లోపం కావచ్చు. ఎన్నేళ్లుగా అలా కొడుతున్నారు, ఎక్కడైనా నొప్పి ఉందా, వారానికి నిజంగా ఎన్ని గంటలు ఇవ్వగలరు అని అడుగుతాను. గంటల సంగతి అందరూ ఎక్కువ చేసి చెబుతారు, సగం కొట్టేసుకుంటాను. ఆ తర్వాత, కనిపించిన ప్రతి వింతకీ జంట ఎక్కడుందో చూస్తాను. దశాబ్దం పైగా బతికిన స్వింగ్‌లో ఒంటరి తప్పు అరుదు, దాన్ని నిలబెట్టే ఇంకో తప్పు ఎక్కడో ఉంటుంది. ఒకదాన్ని తీస్తే రెండోదాన్ని కూడా తీసేంత టైమ్ ఈ మనిషికి ఉందా? లేకపోతే మొదటిదాని జోలికి పోను.

క్యాడీతో కూడా మొదటి వారమే మాట్లాడతాను. ఒక ఆటగాడి ఐదారు వందల రౌండ్లు వెనక నుంచి చూసిన మనిషిని రెండు నెలలు పలకరించకపోవడం నా నోట్సులో నాకే చదవబుద్ధి కాని భాగం.

లాంగ్ ఐరన్లు (ఎక్కువ దూరానికి వాడే ఇనుప క్లబ్బులు) మూర్తిగారికి ఇంకా కుదరలేదు. వాటి స్థానంలో కొట్టడానికి సులువైన హైబ్రిడ్లు పెట్టమంటే, అవి ముసలివాళ్ల క్లబ్బులంటారు. ఎడమవైపు ఔట్ ఆఫ్ బౌండ్స్ (బంతి పడకూడని హద్దు బయటి చోటు) ఉన్న హోళ్లలో, బంతి ఎడమకే మొదలవ్వాలి కాబట్టి, ఇప్పటికీ చెయ్యి వణుకుతుంది. పోయిన ఆదివారం అలాంటి హోల్‌లో భయపడి నేరుగా జెండా వైపు తిరిగి నిలబడ్డారు. బంతి కుడివైపు బంకర్‌లో (ఇసుక గుంటలో) పడింది. క్యాడీ ఏమీ అనకుండా రేక్ తీసుకుని ముందు నడిచాడు. వచ్చే వారం ఆ ఒక్క హోల్ మీదికే వెళ్తున్నాం, సాయంత్రం, జనం లేని టైమ్‌లో, ఇరవై బంతులతో.